గడ్డి కాల్చుకుని గడిపిన చలికాలం

1880 అక్టోబరు 15న అమెరికాలోని డకోటా మైదానాల మీద మంచు తుఫాను విరుచుకుపడింది. చలికాలం రావడానికి ఇంకా నెలన్నర గడువుంది. పొలం పనులు పూర్తి కాలేదు. ఇళ్ల గోడల సందులు పూడ్చుకోలేదు. పశువులు ఇంకా బయటే మేస్తున్నాయి. ఎవరూ అనుకోని రోజున చలికాలం వచ్చి పడింది. అలా మొదలైన చలికాలం ఏప్రిల్ దాకా సాగింది.

ఆ తుఫానును దగ్గర నుంచి చూసిన పిల్ల పేరు లారా ఇంగల్స్. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు. డి స్మెట్ అనే కొత్త ఊరికి కాస్త దూరంలో, పొలంలో వేసుకున్న పలచని చెక్క గుడిసెలో ఆమె కుటుంబం ఉంటోంది. తండ్రి ఛార్లెస్, తల్లి క్యారొలైన్, నలుగురు ఆడపిల్లలు. పెద్దమ్మాయి మేరీకి అంతకు ముందు ఏడాదే జబ్బు చేసి చూపు పోయింది. లారా తర్వాత క్యారీ, ఆ పిల్లకు పదేళ్లు. అందరిలోకీ చిన్నది గ్రేస్, మూడేళ్లది.

తుఫాను ఆగాక ఛార్లెస్ బయటికి వెళ్లాడు. గడ్డివాముల దగ్గర కొన్ని పశువులు నిలబడి ఉన్నాయి. తలలు దించుకుని ఉన్నాయి. ఎంత అదిలించినా కదలడం లేదు. దగ్గరికి వెళితే సంగతి తెలిసింది. అవి వదిలిన ఊపిరే ముక్కుల చుట్టూ, కళ్ల చుట్టూ గడ్డకట్టి మంచు ముద్దలైంది. కళ్లు కనిపించవు, ఊపిరి ఆడదు. ఛార్లెస్ ఒక్కొక్క పశువు దగ్గరికీ వెళ్లి ఆ మంచు పెళ్లలను చేత్తో విరగ్గొట్టాడు. అప్పుడు గాని అవి అడుగు తీసి అడుగు వెయ్యలేదు.

ఆ దృశ్యం లారా మనసులో అరవై ఏళ్లు ఉండిపోయింది. పెద్దయ్యాక ఆమె లారా ఇంగల్స్ వైల్డర్ పేరుతో పిల్లల కోసం వరసగా పుస్తకాలు రాశారు. వాటిలో 1940లో వచ్చిన ‘ది లాంగ్ వింటర్’ పూర్తిగా ఈ చలికాలం గురించినదే. అది నవల. అయినా దాని వెనక ఉన్నది ఒక చిన్నపిల్ల జ్ఞాపకం. ఆ జ్ఞాపకం ఏం దాచుకుంది, ఎంతవరకు నిజం అన్నదే ఇక్కడి విషయం.

ముందుగా ఆ చలి ఎలాంటిదో కొంచెం తెలుసుకోవాలి. తెలుగువారికి గట్టి చలి అంటే లంబసింగి గుర్తొస్తుంది, ఆదిలాబాద్ ఏజెన్సీ గుర్తొస్తుంది. అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వస్తేనే పత్రికల్లో మొదటి పేజీ వార్త. డకోటాలో సున్నా అనేది చలికాలపు మంచి రోజు. చలి ముదిరితే అక్కడ సున్నాకు ముప్పై, ఒక్కోసారి నలభై డిగ్రీల దిగువకు పోతుంది. ఉత్తర ధ్రువం వైపు నుంచి కెనడా మీదుగా వచ్చే చలిగాలికి ఆ మైదానాల్లో అడ్డు లేదు. అడ్డంగా కొండ లేదు, అడవి లేదు. గాలి ఎక్కడా వేగం తగ్గకుండా వచ్చి తగులుతుంది.

ఇలాంటి మంచు తుఫానును బ్లిజార్డ్ అంటారు. అంటే మంచు కురవడం మాత్రమే కాదు. ఆకాశం నుంచి కొత్త మంచు పడకపోయినా బ్లిజార్డ్ రావచ్చు. నేల మీద ఎప్పుడో పడి ఉన్న పొడి మంచును గాలి లేపి, పిండిలా చేసి, నేలకు అడ్డంగా విసిరికొడుతుంది. గంటకు 56 కిలోమీటర్లు, అంతకు మించిన గాలి. 400 మీటర్ల అవతల ఏముందో కనిపించని స్థితి. ఇది మూడు గంటలు ఆగకుండా ఉంటే దాన్ని బ్లిజార్డ్ అంటుంది అమెరికా వాతావరణ శాఖ. ఇది ఇప్పటి లెక్క. ఆనాటివాళ్లకు లెక్కలు లేవు. చాచిన చెయ్యి కనిపించడం లేదంటే బ్లిజార్డ్ వచ్చినట్టే. ఇల్లు, పశువులశాల పక్కపక్కనే ఉన్నా మధ్యలో దారి తప్పి చనిపోయినవాళ్లు ఆ మైదానాల్లో ఉన్నారు. అందుకే ఇంటి గుమ్మానికీ పశువులశాలకూ మధ్య తాడు కట్టుకునేవారు. ఆ తాడు పట్టుకుని వెళ్లి పాలు పితుక్కుని, ఆ తాడు పట్టుకునే తిరిగి వచ్చేవారు.

మొదటి తుఫాను తర్వాత ఛార్లెస్ ఇక పొలంలో ఉండటం మంచిది కాదనుకున్నాడు. ఊళ్లో తాను కట్టుకున్న దుకాణం భవనంలోకి కుటుంబాన్ని మార్చాడు. అది మంచి నిర్ణయం. ఆ పలచని గుడిసెలో ఉండిపోయి ఉంటే ఈ జ్ఞాపకాలు రాయడానికి ఎవరూ మిగిలేవారు కాదేమో.

డి స్మెట్ రైలు వల్ల పుట్టిన ఊరు. ఆ ఏడాదే ప్లాను గీసి కట్టారు. ఒక వీధి, కొన్ని దుకాణాలు, ఒక హోటలు, ఒక బడి, రైలు స్టేషను. బొగ్గు రైల్లో రావాలి. కిరసనాయిలు రైల్లో రావాలి. పిండి, పంచదార, ఉత్తరాలు, అన్నీ రైల్లోనే రావాలి. నరుక్కుని వాడుకుందామంటే చుట్టుపక్కల అడవి లేదు. వచ్చి స్థిరపడి ఏడాది తిరగలేదు కనుక పండించి దాచుకున్న పంటా పెద్దగా లేదు. అంటే రైలు ఆగితే ఊరి పొయ్యి ఆరిపోయినట్టే.

రైలు ఆగింది. 1881 జనవరి మొదట్లో ఆగింది. మళ్లీ మే నెలలో గాని రాలేదు.

ఎందుకు రాలేదో గమనించవలసిన సంగతి. రైలు పట్టాలు కొన్నిచోట్ల మిట్టలను తవ్వి, ఆ కోతల మధ్య నుంచి వేశారు. తుఫాను వచ్చినప్పుడల్లా ఆ కోతలు అంచుదాకా మంచుతో నిండిపోయేవి. కూలీలు పారలతో మంచు తవ్వి రెండు పక్కలా పైకి విసిరేవారు. పట్టాలు బయటపడేవి. కానీ విసిరిన మంచు వల్ల కోత గట్లు ఇంకా ఎత్తయ్యేవి. తర్వాతి తుఫానుకు ఆ ఎత్తయిన గట్ల మధ్య ఇంకా ఎక్కువ మంచు పేరుకునేది. మళ్లీ తవ్వేవారు, గట్లు మళ్లీ పెరిగేవి. మనిషి చేసిన పనే మరుసటి తుఫానుకు పెద్ద గొయ్యి సిద్ధం చేసినట్టయింది. పైగా తుఫానుకూ తుఫానుకూ మధ్య ఒకటి రెండు రోజులకు మించి తెరిపి ఉండేది కాదు. చివరికి రైలు కంపెనీ వసంతం దాకా ఆశ వదులుకుంది.

ఇక్కడి నుంచి లారా జ్ఞాపకం ఎక్కువగా మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది. పొయ్యిలోకి ఏమిటి? కడుపులోకి ఏమిటి? చీకటి పడితే దీపంలోకి ఏమిటి? ఎన్ని డిగ్రీల చలి అన్నది పిల్లలకు గుర్తుండదు. ఏం కాల్చారు, ఏం తిన్నారు, ఏ వెలుతురులో కూర్చున్నారు అన్నది గుర్తుంటుంది.

పొయ్యి సంగతి చూద్దాం. బొగ్గు అయిపోయింది. మిగిలింది ఎండుగడ్డి. గడ్డి పొయ్యిలో వేస్తే భగ్గుమని మండి క్షణంలో బూడిదవుతుంది. దాన్ని నిలిచి మండేలా చెయ్యాలంటే గట్టిగా పురిపెట్టాలి. లారా తండ్రి, లారా, వెనకవైపు చావడిలో కూర్చుని గుప్పెడు గడ్డి తీసుకుని, మెలిపెట్టి, మెలిపెట్టి, మధ్యకు మడిచి, కొసను మడతలో దోపేవారు. మన రైతులు మోపులు కట్టడానికి వరిగడ్డితో వెంటి పేనుతారు కదా, చేతిపని అదే. కాకపోతే ఇది కట్టడానికి కాదు, కాల్చడానికి. ఒక్కో గడ్డికర్ర మండేది కొద్ది నిమిషాలే. ఒకరు పేనుతుంటే ఒకరు పొయ్యిలో వెయ్యాలి. పొద్దస్తమానం ఇదే పని. గడ్డి కోసుకుని అరచేతులు చీరుకుపోయేవి. ఆ చేతులు చలికి వాచేవి. అయినా ఆపడానికి లేదు. ఆపితే పొయ్యి ఆరుతుంది.

ఆ గడ్డి కూడా ఊళ్లో లేదు. పొలంలో వాముల్లో ఉంది. తుఫాను తెరిపిచ్చిన రోజున ఛార్లెస్ గుర్రానికి మంచుబండి కట్టి, చిత్తడి నేల దాటి వెళ్లి తెచ్చేవాడు. అక్కడొక ప్రమాదం ఉంది. చిత్తడిలో ఎత్తుగా పెరిగిన గడ్డి మీద మంచు పైకప్పులా పరుచుకుంటుంది, కింద బోలుగా ఉంటుంది. పైకి నున్నటి నేలలా కనిపిస్తుంది. గుర్రం కాలు మోపగానే పొట్టదాకా దిగబడిపోతుంది. అప్పుడు మంచు తవ్వి, గుర్రాన్ని బుజ్జగించి పైకి లాగి, మళ్లీ బండికి కట్టాలి.

ఇక తిండి. పిండి అయిపోయింది. పంచదార, మాంసం అంతకు ముందే అయిపోయాయి. కొన్ని బంగాళాదుంపలు, కొన్ని గోధుమలు మిగిలాయి. గోధుమలు విసరడానికి తిరగలి లేదు, పిండిమర లేదు. ఇంట్లో ఉన్నది కాఫీ గింజలు పొడిచేసుకునే చిన్న చేతిమర ఒక్కటే. అందులో గుప్పెడు గోధుమలు పోసి తిప్పాలి. నూకలాంటి ముతక పిండి కొంచెం పడుతుంది. మళ్లీ గుప్పెడు పోసి తిప్పాలి. ఒక పూట రొట్టెకు సరిపడా పిండి కావాలంటే గంటల తరబడి తిప్పాలి. ఒకరు అలసిపోతే ఇంకొకరు. చూపులేని మేరీ, పదేళ్ల క్యారీ కూడా ఒళ్లో మర పెట్టుకుని తిప్పేవారు. ఆ పిండిని పులియబెట్టి తల్లి రొట్టె కాల్చేది. నెలల తరబడి అదే రొట్టె. గోధుమలు అసలే లేకపోతే ఏమై ఉండేదన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

దీపం సంగతి తల్లి చూసుకుంది. కిరసనాయిలు అయిపోయాక ఆమె ఒక గుండీ తీసుకుంది. దాని చుట్టూ చిన్న పాతగుడ్డ చుట్టి, పైకి కొస వచ్చేలా దారంతో కట్టింది. ఒక పళ్లెంలో బండి ఇరుసుకు రాసే కందెన వేసి, అందులో దీన్ని నిలబెట్టి కొస వెలిగించింది. చిన్న మంట, కొవ్వొత్తి పాటి వెలుతురు. ఆ రాత్రులు ఆ వెలుతురులోనే గడిచాయి. సాయంత్రం కాగానే దీపం ఆర్పేసి తొందరగా పడుకునే రోజులూ ఉన్నాయి. పిల్లలు పడుకునే మేడగదిలో పైకప్పు నుంచి లోపలికి పొడుచుకు వచ్చిన మేకులు ఉండేవి. పొద్దున లేచి చూస్తే ఒక్కొక్క మేకు కొసా తెల్లటి మంచు పట్టి ఉండేది.

గడ్డి, గోధుమ, గుండీ దీపం. ఈ మూడింటినీ లారా ఎంత వివరంగా రాశారంటే, ఆ పుస్తకం చదివి ఎవరైనా ఆ పనులు చేసి చూడవచ్చు.

మూడు విషయాలకు అవతల ఒక నాలుగోది ఉంది. అది తండ్రి ఫిడేలు. ఎంత కష్టంలోనైనా ఛార్లెస్ రాత్రిపూట ఫిడేలు వాయించేవాడు. ఆ చలికాలంలో ఒక రాత్రి ఫిడేలు తీసి వాయించబోయాడు. వేళ్లు కదల్లేదు. చలికీ, పనికీ అవి వాచి బిరుసెక్కాయి. ఫిడేలు మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. ఆకలినీ చలినీ ఓర్చుకున్న లారాకు ఇది మాత్రం చాలా కష్టంగా తోచింది. పుస్తకం మొత్తంలో అన్నిటికంటే బరువైన చోటు ఇదే.

బడి సంగతి కూడా చెప్పుకోవాలి. తుఫానుల మధ్య కొన్నాళ్లు బడి నడిచింది. ఒక మధ్యాహ్నం పిల్లలు బడిలో ఉండగా హఠాత్తుగా తుఫాను వచ్చింది. పొయ్యిలోకి చాలినంత బొగ్గు లేదు. టీచరు పిల్లలను తీసుకుని ఊళ్లోకి బయలుదేరింది. బడికీ వీధికీ మధ్య దూరం ఎంతో లేదు. కానీ తెల్లటి గుడ్డితనంలో దిక్కు తప్పింది. వాళ్లు ఊరు దాటి బయలు మైదానంలోకి నడుస్తున్నారు. లారా భుజం ఒక గోడ మూలకు కొట్టుకుంది. అది హోటలు గోడ, ఆ వీధి చివరి భవనం. ఇంకొంచెం పక్కగా నడిచి ఉంటే ముందు గోడలు లేవు, మైదానమే. ఆ దెబ్బ తగలడం వల్ల అందరూ బతికారు.

చలికాలం చివరికి వచ్చేసరికి ఊళ్లో గోధుమలు కూడా నిండుకున్నాయి. ఊరికి దూరంగా మైదానంలో ఒంటరిగా ఉండే ఒక రైతు దగ్గర గోధుమలు ఉన్నాయని వదంతి. ఆల్మంజో వైల్డర్, క్యాప్ గార్లాండ్ అనే ఇద్దరు యువకులు రెండు మంచుబండ్లు కట్టుకుని బయలుదేరారు. ఆ రైతు ఎక్కడున్నాడో కచ్చితంగా తెలియదు. తుఫాను ఎప్పుడు వస్తుందో తెలియదు. వెతికి పట్టుకున్నారు. విత్తనాలకు దాచుకున్నాను, ఇవ్వనన్నాడు అతను. బతిమాలి, ధర పెంచి కొన్నారు. తిరిగి ఊరు చేరారు. తెచ్చినందుకు ఒక్క సెంటు తీసుకోలేదు. తర్వాత 1885లో లారా పెళ్లాడింది ఈ ఆల్మంజోనే.

మే నెలలో రైలు వచ్చింది. క్రిస్మస్‌కు స్నేహితులు పంపిన పీపా ఆ రైలుతో ఇల్లు చేరింది. అందులో బట్టలతో పాటు గడ్డకట్టి చెడకుండా ఉన్న టర్కీ కోడి ఉంది. క్రిస్మస్ భోజనం వాళ్లు మే నెలలో చేశారు.

ఇదంతా నిజమేనా? అరవై ఏళ్ల తర్వాత రాసినది ఎంతవరకు నమ్మాలి? ఈ ప్రశ్న వేసి ఓపికగా జవాబు వెతికిన వ్యక్తి బార్బరా మేయెస్ బౌస్టెడ్. ఆమె అమెరికా వాతావరణ శాఖలో పనిచేసిన వాతావరణ నిపుణురాలు. నాటి పరిశీలన కేంద్రాల రికార్డులు, పత్రికల వార్తలు తీసి పుస్తకంతో పోల్చి చూశారు. సహచరులతో కలిసి చేసిన ఆ పరిశోధన 2020లో అచ్చయింది. అక్టోబరు తుఫాను నిజం. ఒకదాని వెనక ఒకటిగా వచ్చిన తుఫానులు నిజం. రైళ్లు ఆగిపోవడం నిజం. ఆ ప్రాంతంలో అది అతి కఠినమైన చలికాలాల్లో ఒకటన్నది నిజం. ఆ మంచు అంతా కరిగిన వసంతంలో మిస్సోరి నదికి భయంకరమైన వరద వచ్చి, వెర్మిలియన్ అనే పట్టణం చాలావరకు కొట్టుకుపోయింది. తర్వాత ఆ పట్టణాన్ని ఎత్తయిన గట్టు మీద కట్టుకున్నారు. పిల్ల మనసులో నిలిచినదానికి నది కూడా సాక్ష్యం చెప్పినట్టయింది.

అలాగని జ్ఞాపకం అంతా చెప్పదు. లారా 1930లో తన జీవితకథను మొదట పెద్దల కోసం రాసుకున్నారు. అది ‘పయనీర్ గర్ల్’ పేరుతో 2014లో గాని అచ్చు కాలేదు. అందులో ఒక సంగతి ఉంది. ఆ చలికాలమంతా ఒక యువ దంపతులు, పసిబిడ్డతో సహా, వాళ్ల ఇంట్లోనే ఉన్నారు. పిల్లల నవలలో వాళ్లు లేరు. ఒంటరి కుటుంబం ప్రకృతితో పోరాడిన కథగా ఉండాలని రచయిత్రి వాళ్లను తీసేశారు.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. ఆ నేల అంతకు ముందు ఖాళీగా లేదు. అది అక్కడి ఆదివాసులైన డకోటా జాతులది. లారా పుస్తకంలో రాబోయే చలికాలం గురించి ముందే హెచ్చరించినవాడు ఒక ఆదివాసీ వృద్ధుడు. కానీ ఆమె పుస్తకాలు ఆదివాసులను చిత్రించిన తీరు మీద గట్టి అభ్యంతరాలు వచ్చాయి. అమెరికా గ్రంథాలయ సంఘం తన బాలసాహిత్య పురస్కారాల్లో ఒకదానికి ఉన్న ఆమె పేరును 2018లో తొలగించింది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. చలి గురించి ఆ పుస్తకం చెప్పినదీ నిజమే.

ఆనాడు బడి నుంచి బయలుదేరిన లారా బృందానికి హోటలు గోడ తగిలింది. అందరికీ అలా తగల్లేదు. 1888 జనవరి 12న అదే మైదానాల మీద మరో బ్లిజార్డ్ వచ్చింది. ఆ పొద్దున వాతావరణం హాయిగా ఉంది. పిల్లలు మందపాటి కోట్లు లేకుండా బడికి వెళ్లారు. బడివేళలో తుఫాను ఒక్కసారిగా కమ్మేసింది. మొత్తం 235 మంది చనిపోయారని అంచనా. వారిలో చాలామంది పిల్లలు. అందుకే దానికి పిల్లల బ్లిజార్డ్ అని పేరు వచ్చింది. నెబ్రాస్కాలో మిన్నీ ఫ్రీమన్ అనే యువ టీచరు, పైకప్పు ఎగిరిపోయిన బడి నుంచి తన పిల్లలందరినీ దగ్గరలోని ఇంటికి క్షేమంగా చేర్చింది. అదే రాష్ట్రంలో లోయిస్ రోయ్స్ అనే మరో టీచరు ముగ్గురు పిల్లలతో బయలుదేరింది. తానుండే ఇల్లు వంద మీటర్ల లోపే ఉంది. దారి దొరకలేదు. రాత్రంతా పిల్లలను పొదివి పట్టుకుని మంచులోనే ఉంది. తెల్లారేసరికి ముగ్గురూ పోయారు. ఆమె పాదాలు తీసెయ్యాల్సి వచ్చింది. ఆ తుఫానును చిన్నతనంలో చూసి బతికి బయటపడినవాళ్లు ముసలితనంలో ఒక సంఘంగా చేరారు. ఎవరికి గుర్తున్నది వారు చెప్పగా 1947లో పుస్తకంగా వేశారు. ఈనాటి చరిత్రకారులకు ఆ పుస్తకం ముఖ్యమైన ఆధారం.

ఇప్పుడు అదే ప్రాంతంలో, మినసోటాలో, డకోటాల్లో, తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల ఇళ్లలో మీట నొక్కితే వేడి వస్తుంది. గాలి మాత్రం ఆనాటి గాలే. అక్కడ పిల్లలున్న అమ్మమ్మలు, తాతయ్యలు ఫోనులో ఒక మాట గట్టిగా చెప్పాలి. బయటికి అడుగు పెట్టేముందు హెచ్చరికలు చూసుకోవాలి. కారులో దుప్పట్లు, తిండి, నీళ్లు ఉంచుకోవాలి. తుఫానులో కారు ఆగిపోతే దాన్ని వదిలి నడిచిపోకూడదు.

మనకు మంచు తుఫానులు లేవు. మనకు ఉప్పెనలు ఉన్నాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనను చూసిన పిల్లలు ఇప్పుడు అరవై దరిదాపుల్లో ఉన్నారు. అలాంటివారు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఉంటే దగ్గర కూర్చుని అడగండి. ఆ రాత్రి ఏది పట్టుకుని నిలబడ్డారు, మర్నాడు ఏం తిన్నారు, మంచినీళ్లు ఎక్కడ దొరికాయి అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, తేదీ వేసి, నోటుపుస్తకంలో రాసిపెట్టండి.